చొక్కా చేతి మీద ప్రయోగం

నాగ్‌పాడా గ్యారేజీలో పనిచేసేవాడి చొక్కా ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ముంబై కామాటిపురా చాల్‌లో, మా ఒంటిగది ఇంటికి ఎదురు ఖోలీలో ప్రణాలి ఉంటుంది. మూడేళ్లలో ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. అంతటి ధైర్యవంతుణ్ణి నేను.

ఆ ఆదివారం మాట్లాడి తీరాలనుకుని, అందరూ బట్టలుతికే మోరి దగ్గర చొక్కా ఉతకడానికి కూర్చున్నాను. పక్కనే ఒక నీళ్ల బాటిల్, నిండా నురుగు. మా చాల్‌లో అందరూ లూజు లిక్విడ్ సబ్బు తెచ్చి పాత బాటిళ్లలోనే పోసుకుంటారు. అదంతా చొక్కా కుడిచేతి మీద ఒంపేశాను.

"అరే, గా బాటిల్ ఎవ్వరు ఖాళీ చేసిండ్రు?"

ప్రణాలి! మా తొలి పరిచయం ఇంత మధురంగా జరిగింది.

"నేనే. సబ్బు మస్తుంది. ఏ దుకాణంల కొన్నవ్?"

"దుకాణమా? బ్యాక్టీరియా చేసిన సబ్బు అది! వడాపావ్ బండి మీది మాడిన నూనె పోసి మూడు వారాలు పెంచిన. వాటిని వడకట్టి తీసేసి, మిగిలిన సబ్బునీళ్లు నానమ్మ కడాయి మీద టెస్ట్ చేద్దామని తెచ్చిన. రేపే ఎమ్మెస్సీ వైవా. సార్‌కు నీ మొహం చూపియ్యాల్నా?"

నా మొహాన్ని ఏ సారూ పాస్ చేయడు. ఆమె కళ్లలో నీళ్లు చూసి ప్రాణం ఉసూరుమంది. ఏం తోచక చొక్కా చూపించాను. కుడిచెయ్యి తెల్లగా, ఎడమచెయ్యి యథాప్రకారం నల్లగా ఉన్నాయి.

ఆమె చొక్కా లాక్కుని నోట్‌బుక్ తీసింది.

"మరక ఏంది?"

"ఇంజన్ ఆయిల్."

"ఎంతసేపు నానబెట్టినవ్?"

"పది నిమిషాలు."

"ఎందుకు ఉతికినవ్?"

"నీతోని మాట్లాడుదామని."

పెన్ను ఆగింది. తర్వాత అది కూడా రాసుకుంది, మహాతల్లి.

మర్నాడు సాయంత్రం నిండిన బకెట్‌నే మళ్లీ మళ్లీ నింపుతూ ఎదురుచూశాను.

"పాసైన" అంది ప్రణాలి. "చొక్కా చూసి సార్ ఖుష్. ఒక్కటే తప్పు పట్టిండు."

నోట్‌బుక్ చూపించింది. 'ఉతికిన కారణం: నాతో మాట్లాడటానికి.' పక్కన ఫలితం గడి ఖాళీ.

"ఇది నింపి తెమ్మన్నడు. ఏం రాయాలె?"

నేను నిండిన బకెట్‌లోకే మళ్లీ కుళాయి తిప్పాను. గడపలో కడాయి తోముతున్న వాళ్ల నానమ్మ గంగవ్వ ఊరుకోలేదు.

"అనికేత్, గా పురుగులే మూడు వారాలల్ల పని చేసినయి. నీకు మూడేండ్లు సాల్లేదారా?"

"నువ్వంటే నాకు ఇష్టం" అనేశాను.

"ముందు నల్లా బందు చెయ్యి, నీళ్లు పోతున్నయ్."

నేను కుళాయి కట్టేసి తిరిగేలోపు ఆమె గడి నింపేసింది: 'మూడేళ్లు ఆలస్యం. పనిచేసింది.'