గ్లాసులు మోగే స్వరం

వెలిచ్కో దోబ్రెవ్ నిద్ర లేచాక కాఫీ కన్నా ముందు చేసే పని ఒకటుంది. వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు అడుగు నుంచి ఒకే ఒక్క మంద్రస్వరం తీస్తాడు. అలమారలో గ్లాసులు సన్నగా మోగుతాయి. అవి మోగితేనే ఆ ఇంట్లో తెల్లవారినట్టు. ఆ రోజు కూడా మోగాయి. భార్య రుమ్యానా వైపు గర్వంగా చూసి, జున్ను పెట్టి కాల్చిన వేడి బానిత్స ముందు కూర్చున్నాడు.

డాన్యూబ్ నది ఒడ్డున రూసె పట్టణంలో ఆ గొంతు తెలియని ఇల్లు లేదు. ఒపెరాలో ప్రేమించే వేషాలు పైస్థాయి గొంతులవి. మంద్రగళం వాళ్ళకు దక్కేవి రాజులు, పూజారులు, సైతాన్లు, తండ్రులు. ఇరవై ఆరేళ్ళకే తెల్లగడ్డం అతికించుకుని, నలభై తొమ్మిదేళ్ళ నాయికకు తండ్రిగా నిలబడ్డాడు వెలిచ్కో. అప్పటి నుంచి నలభై ఏళ్ళు శపించాడు, దీవించాడు, విషం తాగాడు, నరకంలోంచి లేచి వచ్చాడు. అతను నోరు తెరిస్తే పై బాల్కనీలో రేవు కూలీలు తెలియకుండానే టోపీలు తీసేవారు. కూతురు రలిత్సా మాత్రం నాలుగేళ్ళ వయసులో ఆ గడ్డం చూసి, ఈయన మా నాన్న కాదని గుక్కపట్టి ఏడ్చింది.

ఆ సాయంత్రం ముసలిరాజు వేషం. థియేటరు వాళ్ళు దాన్ని వీడ్కోలు ప్రదర్శన అని అచ్చు వేశారు. వెలిచ్కోకు అది మింగుడు పడలేదు. గ్లాసులు మోగుతుండగా తనకు వీడ్కోలేమిటన్నాడు. మధ్యాహ్నమే డైరెక్టరు దగ్గరికి వెళ్ళి, ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టి వస్తానన్నాడు.

ఎదురుగా కూర్చున్న రలిత్సా కాఫీ కప్పు కింద పెట్టింది. ఆమె అదే థియేటర్లో ప్రాంప్టరు. వేదిక అంచున గూడులాంటి పెట్టెలో కూర్చుని, ప్రతి చరణానికీ ఒక్క క్షణం ముందు మాట అందిస్తుంది. హాలుకు వినపడనివి కూడా ఆమెకు వినపడతాయి.

సంతకం వద్దంది. అతని మోకాళ్ళ నొప్పన్నది, రక్తపోటన్నది. ఆ గ్లాసుల్నే అడగమని తండ్రి నవ్వేశాడు.

"పొద్దున్నే ఎవరి గొంతైనా లోతుగానే ఉంటుంది నాన్నా. నువ్వే చెప్పావు. సాయంత్రం ఏడింటికి ఉండాలి కదా అది."

"ఎందుకు లేదు? మొన్న హాలంతా వణికింది. నువ్వు పెట్టెలో కునుకు తీశావేమో."

రుమ్యానా కూతురి మోచేయి పట్టుకుంది. రలిత్సా ఆగలేకపోయింది.

"వణికించింది నువ్వు కాదు, కింద బేస్ వయొలిన్ల వాళ్ళు. నీ స్వరం రాగానే ఇద్దరూ కమాన్లు గట్టిగా నొక్కి, దాన్ని వాళ్ళే మోస్తున్నారు. ఆర్నెల్లుగా ఇదే. నీ మీద ప్రేమతో ఎవరూ చెప్పలేదు."

వెలిచ్కో భార్య వైపు తిరిగాడు. ఆమె బల్లగుడ్డ ముడతలు సవరిస్తోంది. ఆమెకూ తెలుసన్నమాట.

"ఊళ్ళో నాయికలందరికీ తండ్రినయ్యాను. సొంత కూతురు నన్ను ఇలా బోనులో నిలబెట్టింది" అన్నాడు.

"వాళ్ళందర్నీ దీవించావు నాన్నా. ఆ మాటలు నీకు అందించింది నేను. నా దాకా ఒక్కటీ రాలేదు."

అతను కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. భోజనానికి రాలేదు. తర్వాత తెలిసింది, డైరెక్టరు గది దాటి తిన్నగా వాద్యబృందం దగ్గరికి వెళ్ళాడని. ఈ సాయంత్రం తన స్వరం దగ్గర కమాన్లు ఒళ్ళో పెట్టుకోమని ఆ ఇద్దర్నీ అడిగాడట. రాకపోతేనో అన్నారట వాళ్ళు. రాకపోతే రాలేదని ఊరు చూస్తుందన్నాడట.

సాయంత్రం హాలు నిండిపోయింది. చివరి అంకంలో వెళ్ళగొట్టిన కూతురు తిరిగొచ్చి, చావుబతుకుల్లో ఉన్న రాజు ముందు మోకరిల్లింది. వాద్యాలు ఒక్కొక్కటే ఆగాయి. బేస్ వయొలిన్లూ ఆగాయి. పెట్టెలో రలిత్సా రెండు అరచేతులూ వేదిక చెక్క మీద ఆనించింది.

వెలిచ్కో ఊపిరి తీసుకున్నాడు. స్వరం వచ్చింది. పెద్దది కాదు. అంచులు అరిగిపోయి, ఎక్కడో నది అడుగు నుంచి వస్తున్నట్టు వచ్చింది. కానీ అరచేతుల కింద చెక్క వణికింది. వెయ్యి మంది ఊపిరి బిగబట్టారు. ఒక్క దగ్గు లేదు. నలభై ఏళ్ళ రాజులూ తండ్రులూ ఆ ఒక్క మనిషిలో నిలబడి ఉన్నట్టు అనిపించింది ఆమెకు.

తర్వాతి మాట "తల్లీ". అందించాల్సింది రలిత్సాయే. తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి మాట ఆగిపోయింది. వెలిచ్కో ఎదురు చూశాడు. మోకరిల్లిన నాయిక మీద నుంచి చూపు తిప్పి, నెమ్మదిగా పెట్టె వైపు వంగాడు.

"తల్లీ" అన్నాడు, ఆమె కళ్ళలోకి చూస్తూ. మిగతా దీవెనంతా అటే పాడాడు.

తెర పడ్డాక మేకప్ గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాడు. బయట చప్పట్లు ఇంకా ఆగలేదు. సంతకం పెట్టనని డైరెక్టరుకు అప్పుడే చెప్పి పంపాడు. రలిత్సా వచ్చి వెనక నిలబడింది. క్షమించమని అడగబోతే, అద్దంలోంచే వద్దని తలూపాడు.

"నువ్వు చెప్పబట్టి చివరిది నా గొంతుతో పాడాను. ఇక ఈ గడ్డం నువ్వే తీసెయ్."

జిగురు నొప్పి పెట్టకుండా ఆమె మెల్లమెల్లగా గడ్డం ఊడదీసింది. కింద ఎర్రబడిన చెంపల్తో, తడి కళ్ళతో వాళ్ళ నాన్న ఉన్నాడు. అతను చెయ్యెత్తి ఆమె తల మీద పెట్టాడు. ఈసారి ఏమీ పాడలేదు.