మూడు వందల వాట్ల తేడా

రెండు వేల ఎనభై నాలుగో సంవత్సరం వచ్చేసరికి నరసరావుపేట వాళ్ళు కరెంటు బిల్లుకి భయపడటం మానేసి వేడి మీటరుకి భయపడుతున్నారు. ప్రతి వీధి మొగలో ఒక స్తంభం, దాని మీద ఎర్రటి అంకెలు. ఆ వీధి ఇళ్ళన్నీ కలిసి ఆ రోజు ఎంత వేడిని గాల్లోకి వదిలాయో అవి చెబుతాయి. గీత దాటిందా, మర్నాడు పగలంతా ఆ వీధికి ఏసీలు బంద్. అందుకే మే నెలలో జనం పొయ్యి కూడా వంతులేసుకుని వెలిగిస్తారు. ఆట దగ్గర మాత్రం ఎవరూ వంతులకి ఒప్పుకోరు. మూడిళ్ళకొకరు చొప్పున పోటీ ఆటగాళ్ళున్న ఊరది. పూట తిండి లేకపోయినా సర్దుకుంటారు గానీ ఆట కంప్యూటరు లేకుండా ఉండలేరు.

ఆ కంప్యూటర్లు తయారుచేసే వెన్నెల కంపెనీలో ఒక నియమం ఉంది. ఎంత పెద్ద ఇంజినీరైనా నెలకొక రోజు షోరూము కౌంటరులో కూర్చుని, వచ్చినవాళ్ళకి దగ్గరుండి సామాను ఎంచిపెట్టాలి. ఆ శనివారం సువార్త వంతు. కింది అంతస్తంతా కూలర్లే. ఒంటి ఫ్యానువి, ఆరు ఫ్యాన్లవి, రంగు దీపాలవి, నీళ్ళ గొట్టాలవి, రాగి రెక్కలవి, చిప్‌కీ రాగికీ మధ్య పూసే పేస్టు గొట్టాలు. పొద్దుటి నుంచి ఆమె పదకొండు మందికి కూలర్లు ఎంచిపెట్టింది. పదకొండు మందికీ అబద్ధమే చెప్పింది. వాళ్ళలో ఒక్కరి కంప్యూటరుకీ నిజానికి కూలరు అక్కర్లేదు. ఆ సంగతి ఊళ్ళో అందరికంటే ఆమెకే బాగా తెలుసు, ఎందుకంటే అందులోని చిప్‌ని తయారుచేసింది ఆమే.

దాని పేరు చెరపని చిప్. మామూలు చిప్ లెక్క చేసే తీరు మనం చిన్నప్పుడు పలక మీద చేసిన తీరే. రాస్తుంది, జవాబు చూసుకుంటుంది, తుడిచేస్తుంది. తుడిచిన ప్రతి అంకె ఇంత వేడిగా మారి బయటికొస్తుంది. సెకనుకి కోటాను కోట్ల తుడుపులంటే ఇంక చెప్పేదేముంది! అది ప్రకృతి ధర్మం. అయితే అసలు తుడవకుండానే పలక ఖాళీ చెయ్యొచ్చని నలభై ఏళ్ళ కిందట ఒకాయన రుజువు చేశారు. జవాబు పక్కన రాసుకుని, చేసిన లెక్కనే చివరి మెట్టు నుంచి మొదటి మెట్టు దాకా వెనక్కి చేసుకుంటూ వస్తే పలక దానంతటదే మొదట్లా తయారవుతుంది. తుడుపు లేదు కనుక వేడి లేదు. ఆయన పేరు నాగూర్‌మీరా, ఆ ఊరి కాలేజీలోనే భౌతికశాస్త్రం చెప్పేవారు. ఆయన శిష్యురాలు సువార్త ఆ లెక్కను సిలికాన్ మీదికి దించింది. రెండు వేల వాట్ల వేడి కక్కే ఆట కంప్యూటరు అర వాటుకి దిగొచ్చింది.

మొదటి ఏడాది అమ్మినవాటిలో ముప్పాతిక మూడొంతులు వాపసు వచ్చాయి. ఫ్యాను లేదు, చప్పుడు లేదు, చెయ్యి వేస్తే చల్లగా రాయిలా ఉంది. ఓడినవాళ్ళంతా దాని మీదే పడ్డారు. ‘ఇది మనసు పెట్టి ఆడటం లేదు’ అని ఒకాయన ఫిర్యాదు కాయితం మీద రాశాడు. జనం దానికి చచ్చిన పెట్టె అని పేరు కూడా పెట్టేశారు. కంపెనీ మూతపడే రోజులొచ్చినప్పుడు సువార్త ఒక మధ్యాహ్నం ఇస్త్రీపెట్టెలో ఉండేలాంటి తీగచుట్ట ఒకటి తెచ్చి లోపల బిగించింది. తెర మీద యుద్ధం ముదిరేకొద్దీ ఆ తీగ వేడెక్కుతుంది. దాని పని అంతే. మూత మీద ‘స్థిరీకరణి’ అని అచ్చు వేయించింది.

వాపసులు ఆగిపోయాయి. “ఇప్పుడు ప్రాణం వచ్చింది” అన్నారు కొన్నవాళ్ళు. ప్రాణం వచ్చాక ఉక్క పోస్తోందన్నారు, కంపెనీ కూలర్లు మొదలుపెట్టింది. తొడపాశం పెట్టి జోలపాడటమంటే ఇదే. పాత రెండు వేల కంటే మూడు వందల వాట్లు నయమే కదా అని సువార్త తనకు తానే సర్దిచెప్పుకుంది. అర వాటు రావాల్సిన చోట మూడు వందలేమిటని పత్రికవాళ్ళు అడిగినప్పుడు, మొదటి పెట్టెలు లెక్క సగంలో వదిలేసేవి కనకే చల్లగా ఉండేవనీ, సిద్ధాంతానికీ ఆచరణకీ ఆ మాత్రం తేడా తప్పదనీ కరపత్రంలో రాసింది. ఆ వాక్యం ఇంకెవరో రాసింది కాదు, ఆమె రాసిందే. మూడేళ్ళుగా అది గుర్తొచ్చినప్పుడల్లా మొహం ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలిసేది కాదు.

పన్నెండో గిరాకీగా నాగూర్‌మీరా మాస్టారే వచ్చారు. డెబ్భై ఆరేళ్ళ మనిషి, చంకలో గుడ్డసంచీ. పక్కన ఇరవయ్యేళ్ళ మనవరాలు హసీనా. జిల్లా పోటీల్లో ఆమె జట్టు సెమీఫైనల్ దాకా వచ్చిందని ఊరంతా చెప్పుకుంటున్నారు.

“ఇయ్యాల నువ్వున్నావా సువార్తా? మంచిదైంది” అన్నారు మాస్టారు స్టూలు లాక్కుంటూ. “ఈ పిల్ల పోరు పడలేకపోతన్నా. పెట్టె వేడికి గదిలో నిలవలేకపోతందంట. మంచి కూలరు ఒకటి చూసిపెట్టమ్మా.”

“ఆరు ఫ్యాన్లది అక్కా. దీపాలుండేది. మా జట్టులో అందరికీ అదే ఉంది” అంది హసీనా.

“ఫ్యాన్లు వేడిని చంపుతయ్యా ఏంది? పెట్టెలోంచి తీసి గదిలోకి తోస్తయ్, అంతే. నీళ్ళ గొట్టాలదయితే కిటికీ బయటికి పంపిద్ది.”

“బయట మన వీధి మీటరు ఊరుకుంటదా తాతా?”

మాస్టారు నవ్వి సువార్త వైపు తిరిగారు. “ఎన్ని వాట్లకి సరిపోద్దమ్మా ఇది?”

“మూడు వందలకండీ.”

ఆయన సంచీలోంచి లావుపాటి నోటుపుస్తకం తీసి ఆ అంకె రాసుకున్నారు. దాని పైన ఆయన ఇంట్లో కొలిచి ముందే రాసుకున్న అంకె రెండు వందల తొంభై ఆరు. పెట్టెను థర్మోకోలు డబ్బాలో పెట్టి, చుట్టూ నీళ్ళ సంచులు పేర్చి, థర్మామీటరు గుచ్చి, ఆరుసార్లు కొలిచారట. “అయితే నేను కొలిచింది కరెక్టే. నా లెక్కలోనే ఉంది తప్పు” అన్నారు. ఇంటిముందు వాన పడిందని చెప్పినంత మామూలుగా అన్నారు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సువార్త చెయ్యి తనకు తెలియకుండానే పక్కన నడుస్తున్న నమూనా కంప్యూటరు మీదికి పోయింది. వెంటనే తీసేసుకుంది.

“పదకొండు నెలల నుంచీ వెతుకుతన్నా” అన్నారు మాస్టారు. “అనుమానమంతా నలభై మూడో పేజీ మీదే. వెనక్కి నడిచేటప్పుడు ఏదో ఒక మెట్టు జారిపోతంది. అది దొరకటంలా. ఇదిగో, విజ్ఞాన పరిషత్తుకి ఉత్తరం కూడా రాశా. సోమవారం పంపిచ్చేస్తా. నా రుజువు తప్పు, వెనక్కి తీసుకుంటన్నా, పాఠ్యపుస్తకంలోంచి ఆ పాఠం తీసెయ్యండి అని. తప్పని తెలిశాక పిల్లలకి చెప్పిస్తే పాపం కదా? కాకపోతే పంపేముందు ఒక్కసారి నువ్వు చూడు. ఆ రుజువు మొదటి నుంచి చివరిదాకా చదివినదానివి నువ్వొక్కదానివే. ఎక్కడ జారానో చెప్పు తల్లీ. తెలిస్తే మనసు నెమ్మదిస్తది.”

ఆమె పుస్తకం తీసుకుంది. నలభై మూడో పేజీ కాయితం వేళ్ళ మరకలతో నల్లబడిపోయి ఉంది. ఒక్కో వరుసనీ మూడు నాలుగు రంగుల సిరాతో కొట్టేసి, మళ్ళీ అదే రాసుకున్నారు. ప్రతిసారీ అదే వచ్చింది, ఎందుకంటే అది తప్పు కాదు. చదువుతుంటే సువార్తకి తల కొట్టేసినట్టయింది.

“మాస్టారూ, ఈ పెద్ద కూలరు తీసుకెళ్ళండి. డబ్బులొద్దు. మా కంపెనీ తరఫున...” అంటూ ఏదో మొదలుపెట్టింది.

“కూలరు సంగతి తర్వాత. తప్పెక్కడో చెప్పు.”

ఇంక దాటెయ్యటానికి ఏమీ మిగల్లేదు. చెప్పకపోతే సోమవారం ఒక మనిషి నలభై ఏళ్ళ బతుకుని తన చేత్తోనే కొట్టేసుకుంటాడు. చెబితే తన బతుకేమవుతుందో ఆమె ఆలోచించింది. ఆలోచించినందుకు ఇంకా సిగ్గేసింది. సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసి, నమూనా కంప్యూటరు పక్క పలక విప్పి, స్థిరీకరణి తీగలు కత్తిరించి, ఆ చుట్టను కౌంటరు మీద మాస్టారి ముందు పెట్టింది.

తెర మీద ఆట ఆగలేదు. కొన్ని నిమిషాలకి పెట్టె చల్లబడింది. ఆట మాత్రం అంతే వేగంగా నడుస్తూనే ఉంది.

“తప్పు మీ లెక్కలో లేదు మాస్టారూ. ఇక్కడుంది. పెట్టింది నేనే.”

ఆయన చల్లటి పెట్టె మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. “అంటే నలభై మూడో పేజీ...”

“సరైనదే. ప్రతి పేజీ సరైనదే.”

ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంతో కాదు, సంతోషంతో. సువార్తకి అదే భరించరానిదైంది. ఆయన నాలుగు తిట్టి ఉంటే తల వంచుకుని పడేది. తిట్టటానికి హసీనా ఉంది.

“పదకొండు నెలలక్కా! అన్నం ముందు కూర్చున్నా ఆ పుస్తకమే. మీ కరపత్రంలో రాసిన మాట కత్తిరించి గోడకి అంటించుకున్నాడు మా తాత. మా సువార్త రాసిందంటే నిజమే అయ్యుంటదని! నీకు ఎట్టా మనసొప్పింది?”

చుట్టూ ఉన్న గిరాకీలంతా చూస్తున్నారు.

“ఊరుకో, ఆ అమ్మాయినేం అనమాకు” అన్నారు మాస్టారు. “నేను మాత్రం తక్కువ తిన్నానా? లెక్క ఒకటి చెప్పింది, అరచెయ్యి ఒకటి చెప్పింది. నలభై ఏళ్ళ లెక్కని పక్కనబెట్టి అరచేతిని నమ్మా. పెట్టె విప్పి చూద్దామని నాకు తోచలా చూడు. శిష్యురాలిని అనుమానించటం ఇష్టంలేక నన్ను నేనే అనుమానించుకున్నా.” ఆ చివరి మాట ఆయన దెప్పిపొడవాలని అన్నది కాదు. అయినా సువార్తకి అంతకు మించిన చెంపదెబ్బ ఎవరూ కొట్టలేరు.

ఆ మర్నాడే ఆమె పత్రికలకి ఉత్తరం రాసింది. తీగ పెట్టింది తానేననీ, నాగూర్‌మీరా గారి రుజువులో అక్షరం తప్పు లేదనీ, తన కరపత్రం పచ్చి అబద్ధమనీ ఒప్పుకుంది. వారం రోజులు ఊరు ఊగిపోయింది. షోరూము అద్దాలు పగిలాయి. కంపెనీ ఆమెను పెద్ద కుర్చీలోంచి దించి, చిన్న గదిలో కూర్చోబెట్టింది. ఆమె అడిగిన ఒక్క కోరిక మాత్రం తీర్చింది. అమ్మిన ప్రతి పెట్టెకీ ఉచితంగా ఒక మీట బిగించారు. అది నొక్కితే తీగ ఆగిపోతుంది, పెట్టె చల్లబడుతుంది, ఆటలో రవ్వంత తేడా రాదు. తీగ ఎందుకూ పనికిరాదని మీట పక్కనే స్పష్టంగా రాయించింది సువార్త. ఇంక ఊరి వేడి దిగుతుందని, తన తప్పుకి అదే పరిహారమని అనుకుంది.

సెప్టెంబరులో లెక్కలొచ్చాయి. రాష్ట్రమంతా కలిపి ఉన్న పెట్టెలు పదకొండు లక్షలు. తీగ ఆపుకున్నవాళ్ళు తొమ్మిది వందల చిల్లర. కూలర్ల అమ్మకం ఇంకాస్త పెరిగింది. వీధి మీటర్లలో అంకె కదల్లేదు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆ కాయితం పట్టుకుని తిన్నగా మాస్టారింటికి వెళ్ళింది. పాఠం పాఠ్యపుస్తకంలోనే ఉంటుందని పరిషత్తు ఎప్పుడో కబురు చేసింది. ఆయన ఉత్సాహంగా కొత్త రుజువు మొదలుపెట్టి, హసీనా పాత కంప్యూటరు మీద సరిచూసుకుంటున్నారు.

“చూడండి మాస్టారూ, ఈ జనం! నిజం చెప్పి, చేతికి మీట ఇచ్చినా వీళ్ళకి అబద్ధమే కావాలి” అంటూ ఆమె కాయితం బల్ల మీద పెట్టి, మాటల మధ్య పెట్టె మీద చెయ్యి ఆనించింది. చెయ్యి చురుక్కుమంది.

మాస్టారు తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయారు. కాసేపటికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు: “పొద్దున చల్లగానే మొదలుపెట్టానమ్మా. జవాబొచ్చింది. ఎందుకో నమ్మబుద్ధి కాలా. మీట తిప్పి తీగ వేసి మళ్ళీ చేశా. అదే జవాబొచ్చింది, అప్పుడు నమ్మకం కుదిరింది. లోపలున్నది ఏందో నాకు తెలవదా? తెలిసే వేశా. సిగ్గుగానే ఉంది.”

చేతిలో మిగిలిన కోపాన్ని ఏం చెయ్యాలో సువార్తకి తోచలేదు.

“మరి నీదో?” అన్నారాయన మెల్లగా.

“నా పెట్టెలో మొదటి నుంచీ తీగ లేదు మాస్టారూ. నాకెందుకని పెట్టుకోలేదు.” ఆ తర్వాతిది ఆయనే అడిగి ఉంటే ఆమెకి చెప్పటం తేలికయ్యేది. “ఆ ఆదివారం పత్రికలకి ఉత్తరం చల్లటి పెట్టె మీదే రాశాను. చదువుకుంటే ఒక్క ముక్క కూడా నిజంలా అనిపించలేదు. ఇంట్లో తీగచుట్ట ఒకటి ఉంటే తెచ్చి బిగించుకుని, మళ్ళీ మొదటి నుంచి రాశాను. ఒక్క అక్షరం మారలేదు. అప్పుడు పంపగలిగాను.”

మాస్టారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ఆమె వైపు చూశారు.

“ఆ తీగ ఇంతవరకూ తియ్యలేదండీ” అంది సువార్త.