చంపిందెవరు అని అడిగే ఇల్లు

పాత పోస్టాఫీసు నుంచి రేవు వైపు దిగే సందులో ఒక పెంకుటిల్లు ఉంది. పొద్దుగూకాక అటు రమ్మంటే ఏ ఆటోవాడూ రాడు. గేటుకి తాళం. కిటికీల్లో చీకటి. కానీ లోపల్నుంచి ఒక మగగొంతు అడిగేది —

"చంపిందెవరు?"

అడిగి ఊరుకునేది. జవాబు కోసం చూస్తున్నట్టు... కాసేపాగి మళ్లీ అడిగేది.

ఆ ఇంట్లో ఎవణ్ణో చంపేశారనీ, తనని చంపినవాడి పేరు వాడే అడుగుతున్నాడనీ, బదులు పలికితే తెల్లారేసరికి చావేననీ చెప్పుకునేవారు. తాగి వస్తున్న కృష్ణంరాజు ఒకసారి "నాను కాదు బాబో, నాను కల్లుపాకలో ఉన్నాను!" అని అరిచి, చెప్పులొదిలేసి పరిగెత్తాడు. వాడు ఇప్పటికీ బతికే ఉన్నాడు. అయినా జనం భయం పోలేదు.

ఆ ఇల్లు గంగాధరరావుగారిది. డిటెక్టివ్ నవలల గంగాధరరావు. పగలు పోర్టు ఆఫీసులో గుమాస్తా, రాత్రి నవలలు. స్టేషన్లో పుస్తకాల కొట్టుకి ఆయన కొత్త నవల వేలాడితే, బండి తప్పిపోతున్నా ఆగి కొనుక్కునేవాళ్లు. అద్దె పుస్తకాల్లో చివరి పేజీలు చింపుకుపోయేవాళ్లూ ఉండేవారు, మిగతావాళ్లని ఏడిపించడానికి. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుని నేను కూడబలుక్కుని చదివిన మొదటి పుస్తకం ఆయనదే. హంతకుడెవరో తెలియడానికి నాకు నెల పట్టింది. మధ్యలో ఎవరు చెప్పబోయినా చెవులు మూసుకున్నాను.

భార్య పాపాయమ్మగారు పోయాక ఆయన దువ్వాడలో మేనల్లుడి దగ్గరికి వెళ్లిపోయారనీ, అక్కడే కాలం చేశారనీ అనుకున్నాం.

ఇక జరిగింది చెప్తాను. మా బావ అప్పలరాజు నోట విన్నదే. బావ ఆటో నడుపుతాడు. మా చెల్లి గంగాలమ్మ అతని భార్య, చేపలమ్ముతుంది.

మొన్న శ్రావణంలో ఒక సాయంత్రం వాన దంచేస్తోంది. దగ్గరిదారని బావ ఆ సందులోకి తిప్పాడు. ఆటో సరిగ్గా ఆ గేటు ముందే ఆగిపోయింది. హ్యాండిల్ ఎంత లాగినా స్టార్టవలేదు.

"చంపిందెవరు?"

బావ ఆటో వదిలేసి దిగబోయాడు.

"ఎవరక్కడ...? ఆటో చప్పుడు విన్నాను. వెళ్లకు బాబూ... ఒక్క మాట."

దెయ్యం బాబూ అంటుందా? బావ ఫోను లైటు కిటికీ మీద వేశాడు. ఊచల వెనక పడక్కుర్చీ. అందులో ఎముకలగూడులాంటి మనిషి. వెలుగు కళ్లలో పడినా... రెప్ప వేయలేదు.

"లైటు వేశావా? నాకు తెలియదులే, చూపు పోయింది. నీకు దీపమెందుకని మా మేనల్లుడు సాయిశంకర్ బల్బులు తీసేశాడు. తడుముకుంటూ రోడ్డెక్కుతానని బయట తాళం వేసి పోతాడు."

ఆయనే. గంగాధరరావుగారే. బతికే ఉన్నారు. ఎప్పుడో మళ్లీ ఈ ఇంటికే వచ్చేశారు, ఊరికి తెలియలేదు.

"ఒక నవల మిగిలిపోయింది బాబూ. అంతా తలలో ఉంది, చివరి అధ్యాయం మాత్రం కదలడం లేదు. ఎప్పుడూ ముందు కథంతా పాపాయికి చెప్పేవాణ్ణి. హంతకుడెవరో ఆవిడ చెప్పాలి. తప్పు చెప్పేది. ఆ ఊపులో ఆ రాత్రే ముగించేవాణ్ణి. ఇప్పుడెవరు చెప్తారు...? నువ్వు చెప్పు."

కథ చెప్పారు. ఒక బోటు యజమాని హత్య. తమ్ముడు, డ్రైవరు, డాక్టరు, బావమరిది — నలుగురి మీదా అనుమానం. బావ వానని మర్చిపోయి విన్నాడు.

"చంపిందెవరు?"

"బావమరిదే బాబూ. శవం మీద పడి అందరికన్నా ఎక్కువ ఏడిసింది ఆడే గదా."

పెంకుల మీద వాన చప్పుడు ఒక్కటే.

"అంత సులువుగా తెలిసిపోయిందా..."

తర్వాత చాలా మెల్లగా —

"పాపాయికి తెలిసేది కాదు."

అంతే. ఆ గొంతు మళ్లీ రాలేదు. ఆటో ఈసారి ఒక్క లాగుకే స్టార్టయింది.

ఇంటికొచ్చి బావ గొప్పగా చెప్పాడు. "దెయ్యం లేదు, ఏటీ లేదు. నవలలాయనే. నాను టక్కున కరెక్టుగా సెప్పీసినాను!"

వడ్డిస్తున్న గంగాలమ్మ చెయ్యి ఆగిపోయింది.

"కరెక్టుగా సెప్పీసినావా? ఎంత పని సేసినావు మావా!"

ఒకప్పుడు ఆ ఇంటికి చేపలిచ్చింది గంగాలమ్మే. తను పెరట్లో చేపలు కోస్తుంటే లోపల కథ నడిచేది. చివర్లో ఆయన అడిగేవారు. పాపాయమ్మగారిది ఎప్పుడూ ఒకటే జవాబు, "ఇంకెవరండీ, డాక్టరే అయ్యుంటాడు." కథలో డాక్టరు లేకపోయినా డాక్టరే. ఆయన పకపకా నవ్వేవారు. ఆవిడ పెరట్లోకొచ్చి చేప ముక్కలు అందుకుంటూ అసలు హంతకుడి పేరు గంగాలమ్మ చెవిలో చెప్పేది. పుస్తకం అచ్చయ్యాక చూస్తే అతనే.

"మరి ఆయనకి సెప్పరేటమ్మా అని అడిగీసినాను మావా. కొత్తలో ఓపాలి సెప్పిందంట. ఆ కాయితాలన్నీ పొయ్యిలో ఏసీసి, అన్నం ముట్టకుండా గోడకి తిరిగి పడుకున్నారంట. ఆ మొకం మళ్లీ సూళ్లేను గంగాలూ, అన్నాది."

"నాకేటి తెలుసే..."

"రేపు తట్ట కాళీ అవగానే ఎల్దాం. డాక్టరని నాను సెప్తాను. పాపం, ఆ పుస్తకం పూర్తి సేసుకోనీ."

మర్నాడు సాయంత్రం వెళ్లేసరికి సాయిశంకర్ గేటుకి తాళం వేస్తున్నాడు.

"మామయ్య పోయారు. పొద్దున నేనొచ్చేసరికే... దహనం కూడా అయిపోయింది. రాత్రి అన్నం కంచంలో అలాగే ఉంది."

బావ తల దించుకున్నాడు. సాయిశంకర్ బండెక్కి వెళ్లిపోయాడు.

"పదే."

గంగాలమ్మ కదల్లేదు. ఖాళీ తట్ట కింద పెట్టి గేటు ఊచలు పట్టుకుంది. రేవులో ఓడ కూసింది. చీకటి పడింది. అప్పుడు... ఆ తాళం వేసిన ఇంట్లోంచి —

"చంపిందెవరు?"

బావ "నానే బాబూ..." అని గొణిగాడట.

గంగాలమ్మ అతని నోరు మూసింది. గొంతు సవరించుకుంది. అచ్చం ఆవిడలాగే —

"ఇంకెవరండీ... డాక్టరే అయ్యుంటాడు."



లోపల్నుంచి పకపకా నవ్వు.

"తప్పు పాపాయీ! మళ్లీ తప్పే!"

గంగాలమ్మ గేటుకి తల ఆనించి ఏడుస్తూ ఉండిపోయింది. నవ్వు ఆగాక, చీకట్లో కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది... రాసుకోడానికి కూర్చునే మనిషి బల్ల దగ్గరికి లాక్కుంటాడే — అలా.