కోడె నాలుక ఎవరి వాటా?

శనివారం పొద్దున్న మార్లిస్ గుడ్లు వేయించింది. అత్తగారు అల్బీనా ఎప్పటిలాగే సగం తిని, మిగతా సగాన్ని పళ్ళెం అంచుకి జరిపి, "చాలా బాగుందమ్మా" అంది.

ఆ మాట వింటే మార్లిస్‌కి ఒళ్ళు మండుతుంది. మామగారు పోయి, పొలం మీది ఇల్లు అమ్మేసి అల్బీనా వీళ్ళ దగ్గరికి వచ్చినప్పటి నుంచి ఆమె నోట ఇంకో మాట లేదు. రొట్టె మాడినా చాలా బాగుంది, సూప్ నీళ్ళలా ఉన్నా చాలా బాగుంది. "ఒక్కసారి తిట్టమను మీ అమ్మని, హాయిగా ఉంటుంది" అని మార్లిస్ మొగుడితో ఎన్నిసార్లు అందో. గేలెన్ మంచివాడే. కానీ తల్లి గురించి పెళ్ళాం నోరు తెరిచేసరికి అతనికి గరాజ్‌లో ఏదో పని గుర్తొస్తుంది.

ఆ రోజు అల్బీనా ఇంకో మాట కూడా అంది. కాఫీ కప్పులోకి చూస్తూ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"రేపు భోజనాల వేళకి జోలీన్ వస్తుంది. చర్చి వెనకాల పెద్దవాళ్ళు ఉండే ఇల్లు లేదూ, అందులో గది ఖాళీ అయిందట. చూపించడానికి తీసుకెళ్తానంది. నచ్చితే అక్కడే ఉండిపోతాను."

జోలీన్ గేలెన్ చెల్లెలు. అంటే కూతురితో మాట్లాడుకోవడం అయిపోయింది, నిర్ణయమూ అయిపోయింది, కోడలికి మాత్రం గుడ్లతో పాటు వడ్డించారన్నమాట. మార్లిస్ చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది.

"ఇక్కడ మీకేం తక్కువైంది అత్తయ్యా?"

"తక్కువేముందమ్మా. అన్నీ బాగున్నాయి."

"మరైతే ఉండండి."

"వద్దులే అమ్మాయ్. మీకెందుకు శ్రమ."

మార్లిస్ వెనక్కి తిరిగి గరిటె కడుక్కుంది. వద్దన్న మనిషిని బతిమాలడం ఆమెకి అలవాటు లేదు. తినేవాళ్ళు ఎక్కువ, గిన్నెలో కూర తక్కువ ఉన్న ఇంట్లో, అన్నదమ్ముల మధ్య పెరిగింది. అక్కడ ఒకసారి వద్దంటే గిన్నె పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయేది, మళ్ళీ తిరిగొచ్చేది కాదు. అవునంటే అవును, వద్దంటే వద్దు.

"నేను మాంసం తీసుకొస్తా" అని గేలెన్ పికప్ తాళాలు తీసుకుని మాయమయ్యాడు.

మొక్కజొన్న కోతలు ముగిసే వేళకి ఆ వీధిలో ప్రతి ఇంటి ఫ్రీజర్ నిండాలి. గేలెన్ పినతండ్రి కొడుకు దగ్గర ఒక కోడెను మాట్లాడుకుంటారు. మాంసం కొట్టువాళ్ళు దాన్ని కోసి, తెల్ల కాగితాల్లో చుట్టి, గడ్డకట్టించి ఇస్తారు. ఒక కోడె ఒక ఇంటికి ఎక్కువ, అందుకని పక్కింటితో సగం సగం. ఇన్నేళ్ళూ పక్కింటి ఆర్డిస్‌తో పంచుకునేవారు. ఆమె మోకాళ్ళ నొప్పులకి భయపడి ఎండలుండే ఊరికి వెళ్ళిపోయింది. ఆ ఇల్లు మారిసేలా, ఫెర్మీన్ అనే పిల్లలున్న జంట కొనుక్కున్నారు. ఇద్దరూ ఊరి చివర మాంసం ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఎండాకాలంలో కంచె మీద చేతులానించి మాట్లాడుతూ మాట్లాడుతూ గేలెన్, "మాతో సగం కోడె తీసుకుంటారా?" అని అడిగేశాడు. పెళ్ళాన్ని అడిగాడా అంటే, అదీ లేదు.

పంపకానికి ఒక పద్ధతుంది. పొట్లాలన్నీ గరాజ్‌లో బల్లల మీద పరిచి, ఒకరు రెండు కుప్పలు చేయాలి. రెండోవారు తమకి కావలసిన కుప్ప ఎంచుకోవాలి. చేసేవాళ్ళకి ఏ కుప్ప వస్తుందో తెలియదు కనక మోసానికి చోటుండదు. మంచు కరిగేలోపు పని అయిపోవాలి, అంతే.

గేలెన్ పెట్టెలు దింపి, రేడియోలో ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టుకున్నాడు. మార్లిస్ స్టేకులు స్టేకులతో, ఖీమా ఖీమాతో సరిచూసుకుంటూ కుప్పలు చేస్తూ, ఆఖరి పెట్టె తెరిచి కెవ్వుమంది.

"గేలెన్! ఇదేంటి?"

పెద్ద పొట్లం మీద నాలుక అని ముద్ర. దాని పక్కన తోక, గుండె.

"కోత ఎలా కావాలని కొట్టువాళ్ళు ఫోన్ చేశారు. నువ్వు ఇంట్లో లేవు. అన్నీ ఇచ్చేయమన్నాను."

"అన్నీ అంటే అన్నీయేనా? ప్రతి ఏడాదీ నేను చెప్తాను కదా, ఇవి మాకొద్దు, మీరే ఉంచుకోండి అని!"

"నాకేం తెలుసు? కోడెకి డబ్బిచ్చాం, కోడె వచ్చింది."

ఇంతలో పక్కింటి తలుపు చప్పుడైంది. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటిసారే నాలుకా తోకా అంటగడితే ఏమనుకుంటారు? మార్లిస్ ఆ పెట్టెను గడ్డికోసే యంత్రం వెనక్కి తోసి, దాని మీద పాత దుప్పటి కప్పింది. ఓ మూల మడత కుర్చీలో కోటు వేసుకుని కూర్చున్న అల్బీనా అదంతా చూసింది. పంపకం చూడటం ఆమెకి సరదా.

మారిసేలా చక్రాల బండి లాక్కుంటూ వచ్చింది, వెనకాల ఫెర్మీన్ రెండు మంచుపెట్టెలతో. ఆమె రెండు కుప్పల చుట్టూ తిరిగింది. ముద్రలన్నీ చదివింది. మళ్ళీ తిరిగింది. మార్లిస్ ఉండబట్టలేక అడిగింది.

"ఏమ్మా, సమానంగా లేవా?"

"లేకేం అక్కా, తూకం వేసినట్టున్నాయి. కానీ..." మారిసేలా మొహమాటంగా నవ్వింది. "ఈ కోడెకి నాలుక లేదా?"

ఫెర్మీన్ అందుకున్నాడు. "తోక కూడా లేదు. పాపం, ఈగలు తోలుకోలేక చచ్చిపోయిందేమో."

గేలెన్ పగలబడి నవ్వాడు. మార్లిస్ చెవుల దాకా ఎర్రబడింది. దుప్పటి తీసి పెట్టెను ముందుకు లాగింది. "మీకు పనికిరాదేమోనని దాచాను. మీకిష్టమైతే మొత్తం తీసుకెళ్ళండి, మా ఇంట్లో ఎవరూ ముట్టరు."

"నేను ముడతాను" అంది అల్బీనా.

చిన్నగానే అంది. కానీ గేలెన్ రేడియో కట్టేశాడు.

"ఏమన్నారు అత్తయ్యా?"

"ఏం లేదులే. ఆ అమ్మాయికిచ్చెయ్. ఊరికే అన్నాను."

"ఊరికే అనలేదు మీరు. ముడతానన్నారు. నాలుక తింటారా మీరు?"

"నాకూ ఇష్టమే, మీ మామకైతే ప్రాణం. ప్రతి శరదృతువులో వండేదాన్ని, ముల్లంగి లాంటి ఘాటు దుంప తురుము వేసి."

"ఎప్పుడు? నేనీ ఇంటి కోడలినయ్యాక ఒక్కసారన్నా చూళ్ళేదే!"

"చూశావు. ఒక్కసారి చూశావు." అల్బీనా మోకాళ్ళ మీది శాలువా సర్దుకుంది. "పెళ్ళయిన కొత్తలో. అతిథి వచ్చిందని మురిసిపోయి, కొయ్యకుండా నాలుకని నాలుకలాగే పళ్ళెంలో పెట్టి తెచ్చాను. నువ్వు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వరండాలోకి పరిగెత్తావు."

మార్లిస్‌కి గుర్తొచ్చింది. వరండా మెట్లు గుర్తొచ్చాయి, తన కొత్త బూట్ల మీద పడిన వాంతి గుర్తొచ్చింది. లోపలికి వెళ్ళాక బల్ల మీద కోడికూర ఉంది. ఆ పళ్ళెం ఏమైందో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

"కుక్కకి పెట్టేశాను. ఆ పిల్ల ఈ ఇంట్లో బెదిరిపోకూడదు అన్నాడు మీ మామ. మళ్ళీ వండలేదు" అంది అల్బీనా.

"అంటే మామయ్య... పోయేదాకా?"

"అడగలేదు. ఆయన అడిగే రకమా?"

మార్లిస్ బల్ల అంచు పట్టుకుంది. ముందు కళ్ళలో నీళ్ళు వచ్చాయి, ఆ వెంటనే కోపం వచ్చింది.

"మరి నాకు చెప్పొచ్చు కదా! నా ఇంటికొచ్చాక ప్రతి ఏడాదీ మిమ్మల్ని అడిగానా లేదా, ఏం కావాలి అత్తయ్యా, కొట్టువాళ్ళకి ఏం చెప్పమంటారు అని? నీ ఇష్టం అన్నారు! ఏం వండమంటారన్నా నీ ఇష్టం. నేను వండితే సగం తిని చాలా బాగుందమ్మా. నేను రాక్షసినా, నాతో ఒక్క నిజం చెప్పడానికి?"

"నువ్వు ఒక్కసారే అడుగుతావు కదమ్మా."

"ఎన్నిసార్లడగాలి?"

"మూడుసార్లు" అన్నాడు గేలెన్ వెనకనుంచి, తప్పు చేసినవాడిలా. "మా వైపు అంతే మార్లిస్. మొదటి రెండుసార్లు మర్యాదకి అడుగుతారు, మేమూ మర్యాదకి వద్దంటాం. మూడోసారి అడిగితేనే నిజంగా అడిగినట్టు."

"ఇన్నేళ్ళ కాపురంలో ఇప్పుడా చెప్పేది?"

"నీకు తెలుసనుకున్నా."

"ఒక్కసారే అడిగి వదిలేస్తే, వద్దన్నందుకు సంతోషించావేమో అనుకునేదాన్ని" అంది అల్బీనా. "నీ తప్పేం లేదు. నువ్వు బాగానే చూస్తున్నావు. కానీ ఎప్పుడూ అతిథిగానే ఉన్నాను మార్లిస్. అతిథి ఎంతకాలం ఉంటుంది ఒక ఇంట్లో?"

మార్లిస్‌కి పొద్దుటి మాట చెవిలో మోగింది. మరైతే ఉండండి, అని ఒక్కసారే అంది తను. ఒక్కసారి అని, గరిటె కడుక్కుంది.

ఫెర్మీన్ మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "మాంసం కరిగిపోతోంది."

మార్లిస్ ముక్కు తుడుచుకుని పెట్టెలో చెయ్యి పెట్టింది. నాలుకను ఒక కుప్ప మీద, తోకనూ గుండెనూ రెండో కుప్ప మీద పెట్టింది. "పద్ధతి పద్ధతే. ఎంచుకో మారిసేలా."

మారిసేలా నాలుక వైపు చూసింది. ఆ చూపులో ఆశ దాగలేదు. వాళ్ళు పుట్టిన ఊళ్ళో పండగంటే నాలుక కూరే. తరవాత కుర్చీలోని ముసలామె వైపు చూసి, తోక ఉన్న కుప్ప మీద చెయ్యి వేసింది.

"మాకిది."

"వద్దమ్మాయ్, నువ్వు తీసుకో, పిల్లలున్న ఇల్లు" అంది అల్బీనా.

"వద్దు మామ్మగారూ."

"తీసుకో అంటుంటే."

"నన్ను మూడోసారి అడక్కండి, నిజంగా తీసేసుకుంటాను" అంది మారిసేలా. అల్బీనా నవ్వింది. పళ్ళు కనిపించేలా ఆమె నవ్వడం మార్లిస్ చూసి ఎంతకాలమైందో.

ఆదివారం పొద్దున్నే మార్లిస్ నాలుకను పొయ్యి మీదికెక్కించింది. చర్చి నుంచి వచ్చేసరికి మిరియాల వాసన వీధిలోకి వచ్చింది. అల్బీనా ఏప్రన్ కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడింది. ఈ ఇంట్లో ఆమె ఏప్రన్ కట్టుకోవడం అదే మొదలు.

"వేడి మీదే తోలు ఒలవాలి. చల్లారిందంటే అతుక్కుపోతుంది. పట్టుకో."

"కాలుతోంది అత్తయ్యా!"

"కాలకుండా వంటెలా అవుతుంది? ఆ కొసనుంచి లాగు. అలా కాదు. ఇటివ్వు."

మార్లిస్ కళ్ళు సగం మూసుకుని లాగింది. గరుకు తోలు చేతి తొడుగులా ఊడి వచ్చింది. ఈసారి వరండాలోకి పరిగెత్తలేదు. అల్బీనా పల్చటి ముక్కలు కోసింది. గేలెన్ ఘాటు దుంప తురిమాడు, కళ్ళూ ముక్కూ కారిపోతుంటే. సగం ముక్కలు గిన్నెలో పెట్టి కంచె అవతలికి పంపారు. అటునుంచి వేడి మొక్కజొన్న రొట్టెలూ, పచ్చిమిరపకాయల పచ్చడీ వచ్చాయి.

అందరూ కూర్చునే వేళకి జోలీన్ వచ్చింది. కోటు విప్పకుండానే, "తొందరగా తినేద్దాం. రెండింటికల్లా వస్తామని చెప్పాను. అమ్మా, నీ సంచి సర్దుకున్నావా?" అంది.

"సర్దాను."

మార్లిస్ వడ్డిస్తున్నది ఆగింది.

"వెళ్ళకండి అత్తయ్యా. ఇక్కడే ఉండండి."

"వద్దులే అమ్మాయ్" అంది అల్బీనా ముక్క కోసుకుంటూ. "మీకు శ్రమ."

"శ్రమే. అయినా ఉండండి."

"వద్దమ్మా. అక్కడ అన్నీ ఉంటాయట."

జోలీన్ వదిననీ తల్లినీ మార్చి మార్చి చూసి ఏదో అనబోయింది. గేలెన్ ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి ఆపాడు. మార్లిస్ గిన్నె కింద పెట్టి, అత్తగారి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఇన్నేళ్ళలో ఎవరినీ ఏదీ రెండోసారి అడగని మనిషి.

"మూడోసారి అడుగుతున్నాను అత్తయ్యా. ఉంటారా?"

అల్బీనా ఫోర్కుతో ముక్క నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది, మింగింది. ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి. ఘాటు దుంపంటే అంతే మరి. కోడలి చెంప మీద వేళ్ళు ఆనించింది.

"అయితే లేచి, ఆ ఉప్పు ఇలా పట్టుకురా మార్లిస్" అంది. "చాలా తక్కువైంది."