ఎదురెక్కిన పడవ

సోమన్నకు నీళ్ళ సంగతి తెలియదు. ఆ మాట ముందే ఒప్పుకుని ఉంటే గొర్రెలకాపరి బీరప్ప అతన్ని క్షమించేవాడు. తెలియదని నోరు విప్పి చెప్పేవాడితో ఎవరికీ పేచీ లేదు. మ్యాపు పరిచి, ఎర్ర పెన్సిలుతో గీత గీసి, ఎదుటివాణ్ణి చావుకు పంపేవాడితోనే వస్తుంది చిక్కంతా. బెజవాడ దగ్గర హైదరాబాదు సంస్థానం సరిహద్దు క్యాంపులో సీక్రెట్ ఆపరేషన్ల ఇన్‌ఛార్జి సోమన్న అలాంటివాడు. పుట్టింది దేవరకొండ తాలూకాలో, చదివింది హైదరాబాదులో. సముద్రాన్ని అగ్గిపెట్టె మీది బొమ్మలోనే చూశాడు.

1948 మార్చి నెల. మామిడితోటలో ఒక రేకుల షెడ్డు. బ్రీఫింగ్ మొదలైంది.

"టార్గెట్ ఇది" అని సోమన్న పెన్సిలుతో మ్యాపును పొడిచాడు. "తెల్లమడ. కృష్ణ సముద్రంల కలిసేకాడ ఒక పాయ ఒడ్డున ముప్పై గుడిసెల ఊరు. ఫెర్రో అని ఒక విదేశీ ముఠా నాయకుడు ఓడల రెండొందల తుపాకులు తెచ్చి అక్కడ ఒక పడవలకు దించిండు. ఎవరికో తెల్సా?"

"చెప్పు" అన్నాడు బీరప్ప.

"మీ దొరకు."

బీరప్ప నోటిలోని చుట్ట ఆరిపోయింది. అతని ఊరు గుండ్లగట్టు దీపావళి నుంచి గడీకి ఎదురుతిరిగి కూర్చుంది. ఊరి ఆయుధాలు ఒడిసెలలు, రాళ్ళు, ఆడవాళ్ళ కొంగుల్లో కారప్పొడి. ఇన్నాళ్ళు అవే సరిపోయాయంటే కారణం, గడీలో ఉన్నవి మూడే తుపాకులు, అందులో ఒకటి పేలదు. రెండొందలు చేరితే ఉగాది నాటికి ఊరు బూడిదే. ఆ ఊళ్ళో బీరప్ప భార్య సుక్కమ్మ ఉంది, పాలు మరవని బిడ్డ ఉంది.

"పోలీసులున్నరు గద?"

"ఖాకీ టోపీ కనబడంగనే పెట్టెలు మడ అడవిల మాయమైతయి. మన లాంచీ సముద్రం నోటికాడ నిలబడతది. పాయల లోతు లేదు, లోపలికి రాదు. నీ మిషన్ ఒక్కటే, బీరన్నా. గురువారం పగటీలి కాపలాగాళ్ళు తిని కునుకు తీస్తరు. అప్పుడు పడవ తాడు కొయ్. ఏరు యాడికి పోతది? సముద్రంలకే గద! పడవ తనంత తనే పోయి లాంచీ ఒళ్ళె పడతది."

బీరప్పకూ ఇందులో తప్పు కనిపించలేదు. నలభై రెండేళ్ళ బతుకులో అతను చూసిన ప్రతి వాగూ పల్లానికే పారింది.

మారువేషం అక్కర్లేదన్నాడు సోమన్న. ఏటా కోతలయ్యాక ఎగువ జిల్లాల నుంచి బీరప్పలాంటి కురుమలు మందలు తోలుకుని డెల్టాకు దిగుతారు. రాత్రిళ్ళు చేలల్లో మంద పెడితే ఎరువు పడుతుంది, రైతు గింజలిస్తాడు. గొంగడి భుజానేసుకున్నవాణ్ణి ఎవడూ అనుమానించడు.

"నా మందనా?" అన్నాడు బీరప్ప. అతనికున్న ఆస్తి అదొక్కటే.

"ఒక్క గొర్రె వెంట్రుక రాలదు. నాది హామీ."

పిడి తిప్పితే ఆరంగుళాల కత్తి బయటికొచ్చే కర్ర ఇచ్చారు. గొంగడి అంచులో ఒక కాంపస్ కుట్టి ఇచ్చారు. గొర్రెలకాపరికి దిక్కులు చెప్పే యంత్రమంటే చేపకు ఈత నేర్పే పంతులే.

"అక్కడ మన మనిషి ఒకరున్నరు. 'గొంగడి అమ్ముతవా' అని అడుగుతే 'చలి పోలేదు' అను. అదే కోడ్."

"ఎవరా మనిషి?"

"అది నాకు గూడ చెప్పలే" అన్నాడు సోమన్న. గర్వంగానే అన్నాడు.

* * *

తెల్లమడలో భూమికీ నీటికీ హద్దు లేదు. నల్లటి బురద, దాని మీద వేళ్ళు పైకి పొడిచిన మడచెట్లు, ఉప్పు వాసన. పాయ నీళ్ళు నోట్లో పెట్టిన గొర్రెలు తలలు విదిలించి బీరప్ప వైపు నిందగా చూశాయి. ఒక రైతు అతని మందను కరకట్ట పక్కన చేలో పెట్టుకున్నాడు. కట్ట లారీ పట్టేంత వెడల్పు. మైలు దూరం సాగి పాతరేవు అనే మెట్లకాడ ఆగిపోతుంది.

వలలు కుట్టుకునే పల్లెకారులకు బీరప్ప మాట ఒక వినోదం. ముసలి ఏడుకొండలు రోజూ అదే అడిగేవాడు.

"ఏవయ్యా గొర్రెలాయనా, మీ ఊళ్ళో ఏరు ఎటు పోద్ది?"

"యాడికి పోతది, పల్లానికి."

"రోజంతానా?"

"మరి రాత్రికి పండుకుంటదా?"

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వేవారు. తన యాసకు నవ్వుతున్నారనుకుని బీరప్ప మొహం తిప్పుకునేవాడు. ఎందుకు నవ్వుతున్నారని ఒక్కనాడు అడిగి ఉంటే ఈ కథ వేరేగా నడిచేది.

ఫెర్రో పాత ఉప్పు బంగళాలో దిగాడు. తెల్ల సూటు, జేబులో నాలుగు దేశాల పాస్‌పోర్టులు. ఏ దేశం వాడో వాడికే గుర్తుండేది కాదేమో. వాడి పక్కన మిస్ జేన్. నీలం జార్జెట్ చీర, నల్ల గాగుల్స్, వేళ్ళ సందున సిగరెట్. ఆమె ఇంగ్లీషు మాట్లాడుతుంటే కాపలాగాళ్ళు చుట్టలు పారేసి నిలబడేవారు.

బుధవారం సాయంత్రం ఆమె మందకాడికి వచ్చింది.

"గొంగడి అమ్ముతావా?"

బీరప్ప శత్రువుల చేతికి కోడ్ చిక్కిందనుకున్నాడు. గొర్రె డెక్కలో ముల్లు వెతుకుతూ కూర్చున్నాడు.

"గొంగడి అమ్ముతావా?"

బీరప్ప ఇంకో డెక్క ఎత్తాడు.

గాగుల్స్ నుదుటి మీదికెక్కాయి. "నీ నోట్లె మన్ను వడ! నిన్నేరా అడిగేది! చెవులు గుండ్లగట్టుల పెట్టొచ్చినవా?"

నల్లగొండ తిట్టు. ఆ తిట్టును ఏ పరాయివాడూ నేర్చుకోలేడు.

"చలి పోలేదు" అన్నాడు బీరప్ప, కారుతున్న చెమట తుడుచుకుంటూ.

ఆమె అసలు పేరు జానమ్మ. నకిరేకల్ దిక్కు మాలపల్లెలో పుట్టింది. తండ్రి దొర పొలంలో వెట్టి చేసి చచ్చాడు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో దొరసానుల పిల్లలను ఎత్తుకుని ఇంగ్లీషు నేర్చింది. ఇప్పుడు డబుల్ ఏజెంట్.

"ఇద్దరి తిండి తింటున్నవన్నమాట" అన్నాడు బీరప్ప.

"ఫెర్రో పెడుతున్నడు. మీ సోమన్న పెడ్తనంటున్నడు. అంత వరకే తేడా. సరే అన్నా, నీ ప్లాన్ చెప్పు."

ఆ చీరను చూసి, ఆ సిగరెట్‌ను చూసి బీరప్ప ఆమెను నమ్మలేదు. "గొర్లు మేపుడే నా ప్లాన్."

"నమ్మకు, పో!" అని జానమ్మ వెళ్ళిపోయింది.

* * *

గురువారం మధ్యాహ్నం. ఎండకు తాటాకులు చిటపటమంటున్నాయి. ఇద్దరు కాపలాగాళ్ళు చేపల పులుసు తిని తాటిచెట్టు నీడన గుర్రు పెడుతున్నారు. బీరప్ప కర్ర పిడి తిప్పాడు. కత్తి బయటికొచ్చింది. తాడు తెగింది.

పడవ ఒక క్షణం ఊగింది. తర్వాత మెల్లగా ముక్కు తిప్పి, సముద్రానికి వీపు పెట్టి, ఎగువకు బయలుదేరింది.

బీరప్ప కళ్ళు నులుముకున్నాడు. నీళ్ళ మీది నురుగు, పుల్లలు, ఒక తెగిన చెప్పు, అన్నీ ఎగువకే పోతున్నాయి. ఏరు వెనక్కి పారుతోంది. లోకం తలకిందులైందని కాళ్ళు చెబుతున్నాయి. పరుగెత్తమని మాత్రం చెప్పడం లేదు.

జానమ్మ చెప్పులు చేతపట్టుకుని బురదలో ఉరికొచ్చింది. "ఏం జేసినవ్ రా?"

"తాడు కోసిన. జానమ్మా, ఏరు ఎన్కకు పోతాంది!"

"అది పోటు! దినాం రెండుసార్లు సముద్రం ఏట్లెకు ఎక్కుతది, రెండుసార్లు దిగుతది. గొర్ల మొగడా, ఫెర్రో కాసుక కూసున్నదే ఈ పోటు కోసం! పడవ పాతరేవుకు కొట్టుకపోతది, లారీలు కట్ట మీదికి అక్కడికే వస్తయి. వాడు ఇంకో గడియకు తాడు విప్పుతుండె. నువ్వు కూలి లేకుంట విప్పినవ్!"

బీరప్పకు సుక్కమ్మ కనిపించింది. ఒడిసెలలో రాయి పెడుతోంది. ఎదురుగా రెండొందల గొట్టాలు.

"ఎప్పుడు దిగుతది?"

"నిండినంక అరగంట నిలుస్తది. ఆ అరగంటల్నే పెట్టెలు దించాలె. తర్వాత పాటు మొదలై నీళ్ళు దిగుతయి. అప్పుడు పడవను నేను గెడేసి సముద్రానికి తోలుత. లారీలను అరగంట ఆపేదెవరు?"

బీరప్ప కరకట్ట వైపు చూశాడు. పోటుకు పాతరేవు వైపు కట్టకు రెండు పక్కలా నీళ్ళు నిండుతున్నాయి. ఇవతలి చేలో మంద ఉంది.

"నేనే" అన్నాడు.

జానమ్మ చీర గోచీ పెట్టి, ఒడ్డున ఉన్న దోనెలోకి దూకింది. గాగుల్స్ నీళ్ళలో పడ్డాయి. వాటిని చూడను కూడా చూడలేదు.

* * *

మూడు లారీలు హారన్ కొడుతూ వచ్చి ఆగిపోయాయి. పాతరేవుకు రెండు వందల గజాల ఇవతల కట్టనిండా గొర్రెలే.

ఎండ నెత్తికెక్కితే గొర్రె చేసేది ఒకటుంది. పక్కదాని కడుపు కింది నీడలో తల దూరుస్తుంది. దాని కడుపు కింద ఇంకొకటి. అట్లా మందంతా ఒకే ముద్దయిపోతుంది. ఆ ముద్దను కొట్టినా కదలదు. దెబ్బ పడితే ఇంకా లోపలికి ఒదుగుతుంది. తీసుకొచ్చి నిలబెట్టడమే బీరప్ప పని. మిగతాది ఎండ చూసుకుంది.

రేవులో పడవ మెట్లకు ఆనింది. నీళ్ళు నిండి, అద్దంలా నిలబడ్డాయి.

ఫెర్రో మొదటి లారీలోంచి దూకాడు. "తీయ్! గొర్రెలు తీయ్!"

"గుంపుగట్టినయ్ దొరా. పొద్దు వంగేదాక ఇనవు. ఆటి తల్లి జెప్పినా ఇనవు."

ముఠా మనుషులు తుపాకి మడమలతో బాదారు. ముద్ద బిగిసింది. కాళ్ళు పట్టి ఒక్కొక్కదాన్ని నీళ్ళలోకి విసరసాగారు. పడ్డవి అడుగు బురదలో కూరుకుని మునిగిపోయాయి. ఫెర్రో పిస్తోలు తీశాడు. మొదటి గుండు. రెండోది. పడ్డది పడ్డచోటే అడ్డమైంది. మిగతావి దాని మీదికే ఒరిగాయి.

వాటిని లేపే కేక ఒకటుంది. చెరువుకు పిలిచే కేక. ఎంత ఎండలోనైనా, ఎంత గుంపులోనైనా ఆ ఒక్క కేకకు తలలెత్తి బీరప్ప వెంట పరుగెత్తుతాయి. తాత నుంచి వచ్చిన కేక అది, పుట్టిన నాడే గొర్రెపిల్లల చెవిలో వేస్తాడు. ఇప్పుడది అతని గొంతులో ఉంది. ఒక్కసారి నోరు తెరిస్తే మంద బతుకుతుంది. లారీలు కదులుతాయి. గుండ్లగట్టు తగలబడుతుంది.

బీరప్ప గొంగడి అంచు నోట్లో కుక్కుకున్నాడు. పంటికి కాంపస్ తగిలింది. కొరికాడు. గొర్రెలు చచ్చేటప్పుడు అరవవు. అరిచినా బాగుండేదనిపించింది.

ఫెర్రోకు అర్థమైంది. పిస్తోలు గొట్టం బీరప్ప కణతకు ఆనింది. "నువ్వు పిలువు. నీకు వస్తుంది. పిలువు!"

గొంగడి తీసి బీరప్ప అన్నాడు: "నోరెండింది దొరా. జర నీళ్ళియ్యి."

రేవులో ఒక పుల్ల కదిలింది. తర్వాత నురుగు. నీళ్ళు సముద్రం వైపు జారడం మొదలైంది. పడవ వెనక నుంచి నీలం చీర లేచి, గెడ బురదలో గుచ్చి, ఒళ్ళంతా విల్లులా వంచి తోసింది. పడవ మెట్లను వదిలింది.

"జేన్!" అని ఫెర్రో పొలికేక పెట్టాడు. ఆమె తిరిగి చూడలేదు.

వాడు ట్రిగ్గర్ నొక్కాడు.

టిక్కు.

మళ్ళీ నొక్కాడు. టిక్కు. ఆఖరి గుండు పొట్టేలుకు పోయింది.

పడవ పోవడం చూసిన డ్రైవర్లకూ ముఠాకూ ఆ మాత్రం చాలు. మూడు లారీలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ వెనక్కి తగ్గాయి. చివరిది బురదలోకి ఒరిగి కూర్చుంది. అడ్డదారిన పరుగెత్తిన ఫెర్రో నడుము దాకా బురదలో దిగబడ్డాడు. పల్లెకారులు ముందు వాడి బూట్లు లాక్కుని, తర్వాత వాణ్ణి లాగారు.

* * *

లాంచీ పడవను పట్టుకుంది. రెండొందల తుపాకులూ లెక్కకొచ్చాయి. ఫెర్రో క్యాష్ పెట్టె దొరకలేదు. జానమ్మ కూడా దొరకలేదు. బీరప్పకు సంతోషమనిపించింది. ఉగాది నాడు గుండ్లగట్టులో ఒక్క తుపాకీ పేలలేదు. సుక్కమ్మ పచ్చడి కలిపింది.

అంతకు నాలుగు రోజుల ముందే సోమన్న రేకుల షెడ్డులో రిపోర్టు చదివి వినిపించాడు.

"ప్లాన్ ప్రకారం తాడు కోయబడినది. ప్లాన్ ప్రకారం పడవ సముద్రంలోకి పోయినది. మనవైపు నష్టం: ఏమీ లేదు." తలెత్తి నవ్వాడు. "ఎట్లుంది బీరన్నా? నేను జెప్పిన గద, ఏరు సముద్రంలకే పోతదని!"

"నష్టం కాడ జర కొట్టేసి రాయి" అన్నాడు బీరప్ప.

"ఏమని? గొర్లు క్యాజువాల్టీల కిందికి రావే!"

"నాకు సదువు రాదు. నువ్వు రాయి, నేను జెప్త."

సోమన్న పెన్సిలు చేత్తో పట్టుకున్నాడుగానీ కాగితం మీద పెట్టలేదు. అయినా బీరప్ప చెప్పాడు. నలభై మూడు గొర్రెలు, పదకొండు పిల్లలు, ఒక పొట్టేలు.