మూతపెట్టిన పళ్లాలు

నలభై ఇద్దరు మగపిల్లలున్న ఇంట్లో తెల్లారి ప్రశాంతత కావాలనుకునేవాళ్లు ఆ ఇంటి ఛాయలకే రాకూడదు. ఆ సంగతి తెలిసే వెర్నా స్ట్రౌడ్ పదకొండేళ్ల కిందట అక్కడికి వచ్చింది. అమెరికాలోని కాన్సస్‌లో ఓ కాలేజీ ఊరు. ఫ్రెటర్నిటీ అనే విద్యార్థి సంఘం కుర్రాళ్లుండే మూడంతస్తుల ఇటుకల ఇల్లు. కింద రెండు గదులు ఆవిడవి. పేరుకి హౌస్ మదర్, అంటే కుర్రాళ్లు వేళకి తింటున్నారా, ఇల్లు కంపు కొట్టకుండా ఉందా అని కనిపెట్టుకుని ఉండే మనిషి. భర్త పోయాక, పిల్లలు లేని ఆవిడ జీతం కోసం చేరింది. చేరిన నెలకే అది ఉద్యోగమన్న సంగతి మర్చిపోయింది. కుర్రాళ్లంతా "అమ్మా" అనే పిలుస్తారు. ఏదైనా పని పడితే "అమ్మా, అమ్మా" అని రెండుసార్లు పిలుస్తారు.

ఆ మార్చి ఉదయం ఆవిడ కాఫీ కప్పుతో వంటింట్లోకి అడుగుపెట్టేసరికి వంటమనిషి దీనా చిందులు తొక్కుతోంది.

"అక్కా, నీ సుపుత్రులు రాత్రి పాలన్నీ తాగేశారు. నాలుగు గ్యాలన్లు! వీళ్లు మనుషులా, దూడలా?"

"దూడలే నయం. తాగిన గ్లాసులు సింకులో పడేసి పోవు" అంటూ వెర్నా ఫ్రిజ్ తలుపు మీద తగిలించిన కాగితం చూసింది.

ఆ ఇంట్లో ఓ పద్ధతుంది. రాత్రి భోజనం ఆరింటికి, అందరూ కలిసే. క్లాసో, ఆటో ఉండి రాలేనివాడు మధ్యాహ్నంలోగా ఆ కాగితం మీద పేరు రాస్తే వాడి పళ్లెం మూతపెట్టి ఉంచుతారు. తర్వాత వచ్చి వేడి చేసుకుని తింటాడు. ఆ రోజు ఒకే పేరుంది. వెస్లీ టిబెట్స్. కింది కాగితం తిప్పింది. నిన్నా వాడే. మొన్నా వాడే. మొత్తం పదకొండు రోజులు.

వెర్నా ఆ కాగితాలు మళ్లీ లెక్కపెట్టింది. చేతిలో కాఫీ తొణికి చీర్లీడర్ల బొమ్మ ఉన్న కొత్త రగ్గు మీద పడింది. "అయ్యో, నా రగ్గు!" అంది దీనా. వెర్నాకి వినిపించలేదు.

కిందటి ఏప్రిల్‌లో ఆ ఇంటి కుర్రాడే, కోరీ, చనిపోయాడు. ప్రమాదం కాదు, జబ్బూ కాదు. నవ్వుతూ అందరినీ ఏడిపించే కోరీ తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఆ ఇంట్లో కొత్తగా చేరిన ప్రతివాడికీ ఓ పెద్దన్నని అప్పగిస్తారు. వెస్లీకి కోరీయే పెద్దన్న. కోరీ పోయిన వారానికి వెర్నా పాత కాగితాలు తిరగేసింది. ఇరవై రోజులు వరసగా వాడి పేరు. పాపం బిడ్డ కష్టపడి చదువుతున్నాడని మురిసిపోయి, ఆ ఇరవై పళ్లాలకీ తన చేత్తోనే మూతపెట్టింది. ఒకటికి రెండు యాపిల్ పై ముక్కలు కూడా పెట్టింది. ఎందుకు రావటం లేదురా అని ఒక్కసారైనా అడగలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏడాది కావస్తున్నా కోరీ తల్లికి ఒక్క ఫోనైనా చేయలేకపోయింది.

మెట్ల దగ్గర నిలబడి గొంతెత్తింది. "పైకి ఆడమనిషి వస్తోందర్రా! బట్టలు కట్టుకోండి!"

పైన తువ్వాళ్లతో నలుగురు పరుగో పరుగు. వెస్లీ గది మాత్రం చీకటిగా ఉంది. అంత పొద్దెక్కినా దుప్పటి ముసుగులో ఉన్నాడు.

"భోజనానికి రావటం లేదేం నాన్నా?"

"పరీక్షలమ్మా."

"పదకొండు రోజులూ పరీక్షలేనా?"

"ఆకలి లేదు. నన్నొదిలెయ్."

అడగాల్సిన మాట ఆవిడ గొంతు దాకా వచ్చింది. అడిగితే లేని ఆలోచన తానే పుట్టించినట్టవుతుందేమోనని భయం వేసింది. "సూప్ పంపిస్తాలే" అని కిందికి వచ్చేసి, వాడి తండ్రికి ఫోన్ చేసింది. ఎవరి నెత్తిన పెట్టినా భారం దిగుతుందనుకుంది పాపం.

మర్నాడు మధ్యాహ్నం రస్సెల్ టిబెట్స్ మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. ఆయనా చదువుకునే రోజుల్లో ఆ ఇంట్లోనే ఉన్నాడు. గోధుమ పొలాల ఎండకి కమిలిన మెడ, చేతిలో టోపీ. వెర్నా గదిలో కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. వెస్లీ తండ్రిని కాదు, వెర్నాని చూశాడు.

"నా మీద చాడీలు చెప్పావా అమ్మా? నిన్ను సొంత మనిషి అనుకున్నాను."

"ఆవిడ సంగతి తర్వాత," అన్నాడు రస్సెల్. "స్నేహితుడు పోయాడు. బాధే, కాదనను. కానీ ఏడాదవుతోందిరా! మా రోజుల్లో ఇలా ముసుగు తన్ని పడుకుంటే బకెట్టెడు నీళ్లు కుమ్మరించేవాళ్లు. లే. మొహం కడుక్కో. మగాడిలా ఉండు."

"ఉంటాన్లే నాన్నా. మీరు వెళ్లండి."

"చూశారా? బాగానే ఉన్నాడు," అన్నాడు రస్సెల్ లేచి నిలబడి. "వెర్నా గారూ, మీరు వీళ్ల తిండీ తిప్పలూ చూసుకోండి చాలు. పిల్లాడిని పిచ్చివాణ్ణి చెయ్యకండి."

వెర్నాకి ఒళ్లు మండింది. తలుపుకి అడ్డంగా నిలబడింది.

"తిండే చూశానండీ! ఆ తిండే చూశాను! కోరీకి ఇరవై పళ్లాలు మూతపెట్టాను. ఇదిగో, ఈ చేతులతోనే. నలభై మంది మధ్య కూర్చోలేక వాడు గదిలో దాక్కుంటే, నా కొడుకు చదువుకుంటున్నాడని సంబరపడ్డాను. బాగానే ఉన్నానని వాడూ అన్నాడు. నేనూ నమ్మాను. ఇంకోసారి నమ్మను. మీరు కోప్పడండి, నా ఉద్యోగం తీయించండి. నేను మాత్రం నమ్మను!"

 వెస్లీ ముందు నేల మీదే కూలబడి వాడి చేతులు పట్టుకుంది.

"నిన్న అడగలేక పారిపోయానురా. ఇప్పుడు అడుగుతున్నాను. చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?"

 బయట ఎవరో కుర్రాడు బంతి గోడకేసి కొడుతున్నాడు.

"అప్పుడప్పుడు," అన్నాడు వెస్లీ. ఆ ఒక్క మాటతో వాడి భుజాలు దిగిపోయాయి. "వాడు పోయే ముందు రోజు నా తలుపు కొట్టాడమ్మా. వీడియో ఆటలో ఉన్నాను, తర్వాత రారా అన్నాను. రోజూ ఆ తలుపు చప్పుడే వినిపిస్తోంది. బల్ల దగ్గర కూర్చుంటే అందరూ నవ్వుతుంటారు. నాకు నవ్వు రాదు. వాళ్ల నవ్వు పాడుచెయ్యటం ఎందుకని..."

 ఇరవై ఏళ్ల కుర్రాడు వెక్కి వెక్కి ఏడ్చాడు.

రస్సెల్ టోపీ నలుపుతూ అలాగే నిలబడ్డాడు. ఆ మొండి మనిషి మొహంలో అంత భయం వెర్నా ఎన్నడూ చూడలేదు.

"ఎక్కడికి తీసుకెళ్లాలండీ వీణ్ణి?" అన్నాడు చివరికి. "నాకు తెలీదు. నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పండి, తీసుకెళ్తాను."

"కాలేజీలోనే కౌన్సెలింగ్ సెంటర్ ఉంది. ఇలాంటి వాళ్లని వెంటనే చూస్తారు. ఐదింటి దాకా ఉంటారు."

ఆయన మోకాళ్ల మీద కూర్చుని కొడుకు బూట్లు తొడిగాడు. లేసులు కట్టబోతే ముడి పడలేదు. "నేను కట్టుకుంటాలే నాన్నా" అన్నాడు వెస్లీ. "ఉండరా, కట్టనీ" అన్నాడు ఆయన. ముగ్గురూ కలిసే వెళ్లారు. అక్కడి డాక్టరమ్మ గంటన్నర మాట్లాడింది. ఆ వారమంతా రస్సెల్ ఊళ్లోనే మోటెల్లో ఉండిపోయాడు. ప్రతి గురువారం రెండింటికి వెస్లీ అక్కడికి వెళ్లటం మొదలుపెట్టాడు. కొన్ని గురువారాలు నవ్వుతూ వచ్చేవాడు, కొన్ని గురువారాలు తలుపేసుకునేవాడు. అయినా మానలేదు.

రస్సెల్ ఊళ్లో ఉన్న ఆ వారమే, శుక్రవారం నాడు వెర్నా కోరీ తల్లి ఇంగ్రిడ్‌కి ఫోన్ చేసింది. పళ్లాల సంగతి ఏడుస్తూ మొత్తం చెప్పేసింది. 

"ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేసేవాడండీ," అంది ఇంగ్రిడ్. "అంతా బాగుందమ్మా అనేవాడు. నేను కన్నతల్లిని. నేనూ కనిపెట్టలేకపోయాను. మీ మీద కోపం రావాలని చాలా చూశాను. రాలేదు. ఈ ఏడాదంతా నా దగ్గర వాడి పేరెత్తిన వాళ్లే లేరు. మీరెత్తారు. అది చాలు నాకు."

ఏప్రిల్‌లో కోరీ పోయిన రోజు వచ్చింది. పీపాలతో బీరు తెచ్చి తాగుదామని కొందరన్నారు కానీ, సంఘానికి పెద్ద అయిన గ్రాంట్ ఒప్పుకోలేదు. పెరట్లో బల్లలు కలిపి వేశారు. దీనా మాంసం కాల్చింది. ఇంగ్రిడ్ వచ్చింది, రస్సెల్ వచ్చాడు. కోరీ చేసిన అల్లరి పనులు ఒక్కొక్కడూ చెబుతుంటే ఇంగ్రిడ్ పడీ పడీ నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

చివరికి వెస్లీ లేచాడు.

"నేను ప్రతి గురువారం కౌన్సెలింగ్‌కి వెళ్తున్నాను," అన్నాడు.  "మొదటిసారి సిగ్గుగా అనిపించింది. బల్ల కింద దూరాలనిపించింది. ఇప్పుడు కొంచెం నయం. మనలో ఇంకెవరికైనా లోపల బాగోలేకపోతే... నాతో రండి. దారి నాకు తెలుసు. ఎవరైనా వస్తారా?"

 ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెస్లీ చెవులు ఎర్రబడ్డాయి. కూర్చోబోయాడు.

బల్ల చివర నుంచి ఓ చెయ్యి లేచింది. ఉంగరం వదులైపోయిన ముసలి చెయ్యి.

"నేనొస్తానురా," అంది వెర్నా. "ఏడాదిగా నాకు నిద్ర లేదు. అందరికీ అమ్మని కదా, ఎవరితో చెప్పుకోనురా?"

 వెస్లీ గబగబా వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. అప్పుడు గ్రాంట్ చెయ్యెత్తాడు. ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడని మూడో అంతస్తు కుర్రాడు ఎత్తాడు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు. వెర్నా కన్నీళ్లలోంచి వాళ్లని ఒక్కొక్కరినీ పేరు పేరునా పిలిచింది.

"గురువారం రెండింటికి. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఊరుకోను. నా కార్లో నలుగురే పడతారు, మిగతావాళ్లు నడిచి రండి!"

"అమ్మా, అమ్మా," అన్నాడు వెస్లీ, "కారు నేను నడుపుతాను."