బామ్మ కలపని కాఫీ

రాజమండ్రి దానవాయిపేటలో సూర్యప్రకాశం మాస్టారి ఇంట్లో కాఫీ కలపడానికి ఇద్దరు మనుషులు కావాలి. డికాక్షన్ తియ్యడం ఆయన తల్లి సీతారామలక్ష్మమ్మ వంతు. అందులో పాలు పోసి, పంచదార వేసి, చేతికి అందించడం ఆయన భార్య ప్రసన్నకుమారి వంతు. డెబ్బై మూడేళ్ళ వయసులోనూ సీతారామలక్ష్మమ్మ నూతిలో నీళ్ళు తోడుతుంది, పనసపొట్టు కొడుతుంది, గుండిగెడు పులిహోర ఒంటిచేత్తో కలుపుతుంది. పాలగిన్నె మాత్రం ముట్టుకోదు. ఎవరైనా అడిగితే "నా చెయ్యి తగిలితే పాలు విరిగిపోతాయే" అని నవ్వేస్తుంది. పాతికేళ్ళ కాపురంలో ప్రసన్నకుమారి దీన్ని కూడా అత్తగారి ఛాదస్తాల్లో కలిపేసి ఊరుకుంది. ఛాదస్తాలకి ఆ ఇంట్లో కరువేమీ లేదు మరి.

ఆ వేళ పొద్దున్న పదయ్యేసరికే మే నెల ఎండ వరండాలోకి దిగిపోయింది. స్కూలుకి సెలవులు గనక మాస్టారు పేపరు మడిచి, రెండో విడత కాఫీ కోసం వంటింటి వైపు చూస్తున్నారు. ఆయన ఒక్కగానొక్క కూతురు ఫణిశ్రీ పోస్టుమాన్ దగ్గర కవరు అందుకుని నిలబడ్డ చోటే చింపేసింది. విశాఖపట్నంలో జెనెటిక్స్ ఎమ్మెస్సీ చేసి వచ్చిన పిల్ల. హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రి వాళ్ళు తమ జెనెటిక్స్ ల్యాబ్‌లో ఏటా ఇద్దరంటే ఇద్దరిని తీసుకుని ఏడాదిపాటు ట్రైనింగ్ ఇస్తారు. ఆ ఇద్దరిలో తనొకతి అని నెల క్రితమే ఫోన్ వచ్చింది. ఇంట్లో పెట్టె సర్దడం కూడా మొదలైంది. గుమ్మంలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తున్న సీతారామలక్ష్మమ్మకి మనవరాలి ముఖం చూడగానే తెలిసిపోయింది, వచ్చింది మంచి ఉత్తరం కాదని.

"ఏంటమ్మా, ఎప్పుడు చేరాలట?" అన్నారు మాస్టారు.

"చేరడం తర్వాత నాన్నగారూ. మన వంశవృక్షం తిరగ్గొట్టారు."

"మన వంశవృక్షాన్నా!" మాస్టారి కళ్ళజోడు ముక్కు మీదకి జారింది.

ఆ ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉంది. చేరబోయేవాళ్ళు ముందుగా సొంత ఇంట్లో కూర్చుని, మూడు తరాల సంగతి అడిగి తెలుసుకుని, బొమ్మగా గీసి పంపాలి. ఎవరు పుట్టారు, ఎవరికి ఏ జబ్బు చేసింది, ఎవరు ఎప్పుడు పోయారు, అన్నీ. ఫణి ఆ మాట చెప్పగానే అప్పట్లో మాస్టారు పొంగిపోయారు. "మూడేం ఖర్మ, ఏడు తరాలు రాసుకో" అన్నారు. ప్రతి అమావాస్యకీ తప్పకుండా తర్పణం వదిలే మనిషి, పేర్లన్నీ నాలిక చివరే ఉన్నాయి. తండ్రి, తాత, ముత్తాత, వాళ్ళ భార్యలు, గోత్రంతో సహా గడగడా చెప్పేశారు. ఫణి స్కేలు పెట్టి అరగంటలో గీసేసింది. ఇంకెవర్నీ అడగాలని తోచనే లేదు.

ఇప్పుడు ఫణి ఉత్తరం పైకి చదివింది. "ల్యాబ్ పెద్ద డాక్టరు హేమశ్రీ గారు రాశారు. 'మీరు పంపినది తర్పణాలకి పనికొచ్చే పట్టీ, మాకు పనికిరాదు. మీ ఇంట్లో మీరు తప్ప మూడు తరాలుగా ఆడపిల్లలు పుట్టలేదు, పసివాళ్ళు పోలేదు, ఎవరికీ జబ్బు చెయ్యలేదు. ఇది నమ్మశక్యంగా లేదు. సొంత ఇంట్లో అడగలేని మనిషి రోగుల ఇళ్ళలో ఏం అడుగుతుంది? ఈ నెల ఇరవై ఏడు లోపల పూర్తి వివరాలు రాకపోతే మీ సీటు తర్వాతివాళ్ళకి ఇస్తాం' అన్నారు."

"తర్పణాల పట్టీట! ఎంత మాటంది!"

"ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది నాన్నగారూ? మీకు ముగ్గురు మేనత్తలు కదా, ఒక్కరి పేరైనా ఉందా ఇందులో?"

"వాళ్ళు ఇంకో ఇంటికి వెళ్ళిపోయారు. గోత్రాలు మారిపోయాయి."

"గోత్రం మారితే రక్తం మారుతుందేంటండీ?"

"అయితే ఆ ముగ్గుర్నీ చేర్చి పంపించెయ్యచ్చు కదా, దానికింత రాద్ధాంతమా?" అంది ప్రసన్నకుమారి లోపల్నుంచి.

"అంతేకాదమ్మా. పోయిన పిల్లల్ని కూడా రాయాలి." ఫణి గొంతు తగ్గించింది. "నాన్నగారూ, మీకు ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారట కదా? మొన్న పెళ్ళిలో ఎవరో అనుకుంటుంటే విన్నాను."

మాస్టారు గబుక్కున వంటింటి గుమ్మం వైపు చూశారు. సీతారామలక్ష్మమ్మ తల ఎత్తలేదు. చింతపండు మీద చేతులు మాత్రం ఆగిపోయాయి.

"ఆ మాట ఈ ఇంట్లో ఎత్తద్దు" అన్నారాయన మెల్లగా. "తొమ్మిదేళ్ళప్పుడు నేనొకసారి అడిగాను. అమ్మ రెండ్రోజులు అన్నం ముట్టలేదు. మళ్ళీ ఇంతవరకూ అడగలేదు. నువ్వూ అడగద్దు."

"మరి ఇందులో ఏం రాయను?"

"ఎవరూ పోలేదని రాయి."

"అబద్ధం రాయమంటున్నారా? మీరా?"

"సీటు పోతే పోనీ!" మాస్టారి గొంతు పెద్దదైంది. ఆ ఇంట్లో అలాంటి గొంతు వినపడి చాలా కాలమైంది. "కాకినాడ కాలేజీలో లెక్చరర్‌గా చేరు. మా అమ్మని ఏడిపించి నువ్వు సైంటిస్టువి కానక్కర్లేదు."

ఫణి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "రేపు ఆసుపత్రికి బిడ్డని ఎత్తుకొచ్చిన తల్లిని ఈ ప్రశ్నే అడగాలి నాన్నగారూ. మా బామ్మని అడగడానికే భయపడ్డదాన్ని, ఆవిణ్ణి ఏ మొహంతో అడగను? అడగలేకపోతే నాకు ఆ సీటు నిజంగానే అక్కర్లేదు."

సీతారామలక్ష్మమ్మ అన్నీ వింటూనే ఉంది. నలభై ఏళ్ళుగా ఆ పిల్లల ఊసు ఎవరూ ఎత్తకపోతే అందరూ మర్చిపోయారనుకుంది. మర్చిపోలేదన్నమాట. తన చుట్టూ ఇన్నాళ్ళూ మునివేళ్ళ మీద నడుస్తున్నారన్నమాట. ఆ నడక ఇప్పుడు పిల్ల బతుక్కి అడ్డొస్తోంది. ఆవిడ చింతపండు పళ్ళెం పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"ఒరేయ్ సూర్యం, నన్ను మధ్యన పెట్టుకుని తండ్రీ కూతుళ్ళు దెబ్బలాడుకోడం ఏంట్రా? నేనేమన్నా గోడకి తగిలించిన ఫోటోనా?"

"అదికాదమ్మా, నువ్వు మళ్ళీ..."

"నువ్వూరుకో. అప్పుడు అన్నం మానేసింది నువ్వు అడిగినందుకు కాదు. చెప్పడానికి నాకు నోరు రానందుకు. అడగవే ఫణీ. ఏం కావాలో అడుగు."

ఇద్దరూ వరండాలో చాప మీద కూర్చున్నారు. మాస్టారు వీధి గుమ్మం దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయారు. ఫణి తెల్లకాగితం, పెన్సిలు తీసింది. మగపిల్లాడైతే చదరం, ఆడపిల్లయితే సున్నా అని చెప్పి, పై తరాల జంటల్ని గీసి, వాళ్ళ కింద ఒక సున్నా, ఒక చదరం గీసి వాటిని కలుపుతూ జంటగీత వేసింది.

"అందరికీ ఒక గీతేగా వేశావు, మా ఇద్దరికీ రెండెందుకే?"

"మేనరికానికి గుర్తు బామ్మా. తాతగారు నీకు సొంత మేనమామ కదా."

"అవునే. అత్తగారంటే ఎవరో కాదు, మా అమ్మమ్మే. గట్టిగానే ముడేశార్లే" అని ముసిముసిగా నవ్వింది సీతారామలక్ష్మమ్మ. ఆ నవ్వుతో నాలిక మీద బరువు కాస్త తగ్గింది.

పెద్దవాడు స్వాతంత్య్రం వచ్చిన ఏడు పుట్టాడని చెప్పింది. పేరు మణిశంకరం. పుట్టినప్పుడు బొద్దుగా ఉండేవాడు. ఆరో నెల దాటాక రోజురోజుకీ పాలిపోవడం మొదలైంది. కడుపు ఉబ్బింది. బాలారిష్టమన్నారు, తాయెత్తులు కట్టారు, ఏ వైద్యమూ పట్టలేదు. మూడో ఏట పోయాడు. రెండోవాడు కామేశం. వాడికీ సరిగ్గా అలాగే అయింది. వాడికి రెండేళ్ళయినా నిండలేదు. ఫణి ఎక్కడా తొందరపెట్టలేదు. ఎన్నో నెల, ఏ రంగు, జ్వరం వచ్చేదా అని మాత్రం మెత్తగా అడుగుతూ, రెండు చదరాలు గీసి వాటి మీద అడ్డగీతలు పెట్టింది.

"వీళ్ళ పేర్లు కూడా రాయవే" అంది సీతారామలక్ష్మమ్మ. "ఎక్కడా రాసి లేవు."

ఫణి రాసింది. తర్వాత పెన్సిలుతో తాతగారి చదరాన్నీ బామ్మ సున్నానీ సగం సగం నలుపు చేసింది.

"ఇదేంటే?"

"గట్టిగా చెప్పలేను బామ్మా, ఇప్పుడు ఆ పిల్లలకి పరీక్ష చేసే వీల్లేదు కదా. అందుకే పెన్సిలు. నువ్వు చెప్పినదాన్నిబట్టి ఇది రక్తం సరిగ్గా తయారుకాని జబ్బులా ఉంది. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం, రెండూ కలిస్తేనే బిడ్డకి వస్తుంది. ఒక్క సగం వస్తే ఏమీ కాదు. మీరిద్దరూ ఒకే ఇంటివాళ్ళు గనక ఆ సగం ఇద్దరి దగ్గరా ఉండుంటుంది. మీ అత్తగారి నుంచో, మావగారి నుంచో వచ్చి ఉంటుంది."

సీతారామలక్ష్మమ్మ ఆ సగం చదరం వైపే చూస్తూ ఉండిపోయింది. "ఆయనదీ సగమేనా?" అంది. తర్వాత మరీ చిన్నగొంతుతో, "అయితే నా పాలు?" అంది.

"పాలేంటి బామ్మా?"

"నా పాలు బిడ్డలకి పడవన్నారే. మా అమ్మమ్మే అంది. మీ నాన్న పుట్టినప్పుడు వాణ్ణి నా ఒళ్ళో పెట్టనివ్వలేదు. వీధి చివర రత్నమాణిక్యం గారు పచ్చి బాలెంతరాలు, ఆవిడ దగ్గర తాగించారు. వాడు బతికాడు. ఇంకేం కావాలి? ఆ రెండు ప్రాణాలూ నా పాలతోనే పోయాయని రుజువైపోయింది."

ఫణి పెన్సిలు కింద పెట్టేసి బామ్మ రెండు చేతులూ పట్టుకుంది. "పాలకీ ఈ జబ్బుకీ ఏ సంబంధమూ లేదు బామ్మా. ఇది మాత్రం పెన్సిలుతో కాదు, పెన్నుతో రాసి చెప్పగలను. నాన్నగారికి ఆ రెండు సగాలూ కలిసి రాలేదు, అందుకు బతికారు. నీ దగ్గర తాగినా బతికేవారు."

గుమ్మం దగ్గర చప్పుడైంది. మాస్టారు తలుపు పట్టుకుని నిలబడి ఉన్నారు. "నీకు పాలు లేవన్నారమ్మా. నాకు అలాగే చెప్పారు."

"ఉన్నాయిరా" అంది సీతారామలక్ష్మమ్మ. "నువ్వు అటు పక్క గదిలో ఏడిస్తే ఇటు నా చీర తడిసిపోయేది. నూతి దగ్గరికి వెళ్ళి పిండి, అరటిచెట్టు మొదట్లో పోసేదాన్ని."

యాభై ఏళ్ళ మాస్టారు, క్లాసులో చిటికేస్తే అరవై మంది పిల్లలు నోరు మూసుకునే మాస్టారు, వచ్చి తల్లి కాళ్ళ దగ్గర చతికిలబడి, ఆవిడ ఒళ్ళో తల పెట్టేసి ఏడ్చేశారు. సీతారామలక్ష్మమ్మ ఆయన నెరిసిన జుట్టు నిమురుతూ తనూ ఏడ్చింది. లోపల స్టౌ మీద పాలు పొంగిపోతున్నా ప్రసన్నకుమారి గుమ్మంలోంచి కదల్లేదు. పాతికేళ్ళుగా తను ఛాదస్తమనుకున్నది ఏమిటో ఆమెకిప్పుడు తెలిసింది.

కాసేపటికి సీతారామలక్ష్మమ్మే ముందు తేరుకుని ముక్కు తుడుచుకుంది. "అంటే ఆ సగం మా అమ్మమ్మ దగ్గరా ఉండచ్చంటావు. అది అప్పుడు తెలిసుంటే ఆవిడ నోరూ మూతపడేది. పోనీలే, పాపం, ఆవిడకి మాత్రం ఏం తెలుసు?"

మర్నాడు మాస్టారు ఆ కాగితాన్ని ఎవరికీ ఇవ్వలేదు. మేనత్తలు ముగ్గురి ఇళ్ళకీ స్వయంగా ఫోన్లు చేసి వివరాలన్నీ రాయించి, స్టేషన్ దగ్గర పోస్టాఫీసుకి సైకిలు మీద వెళ్ళి స్పీడ్ పోస్టు చేసి వచ్చారు. ఇరవై ఏడుకి ఇంకా నాలుగు రోజులుండగానే ఫోన్ మోగింది. డాక్టరు హేమశ్రీ గారే. "ఈసారి చెప్పింది మీ నాన్నగారు కాదనుకుంటాను" అన్నారట నవ్వుతూ. సీటు ఖాయమైంది. చేరగానే ముందు తెచ్చుకోవలసింది తండ్రిగారి రక్తం శాంపిల్ అని కూడా చెప్పారట. సగం ఆయన దగ్గరా, ఫణి దగ్గరా ఉందేమో తేల్చుకోవడం మంచిదని.

"ఒక్క సీసానా, రెండా?" అన్నారు మాస్టారు జబ్బ తడుముకుంటూ. సూది చూస్తే కళ్ళు తిరిగే మనిషి ఆయన.

ఫణి రైలెక్కే ముందురోజు అమావాస్య అయింది. మాస్టారు నూతి గట్టు దగ్గర కూర్చుని తర్పణం వదులుతున్నారు. తండ్రి, తాత, ముత్తాత, ఎప్పటి పేర్లే. అన్నీ అయ్యాక చివర్న తడితుండు పిండి నీళ్ళు వదలడం ఒకటుంటుంది. ఈ వంశంలో పుట్టి, తమకంటూ బిడ్డలు లేకుండా పోయినవాళ్ళు ఈ నీళ్ళు అందుకోవాలని దాని అర్థం. పాతికేళ్ళ నుంచి ఆయన ఆ మాటలు గబగబా అనేసి లేచిపోయేవారు. ఆ రోజు తుండు చేతిలో పట్టుకుని ఆగారు.

"మణిశంకరం. కామేశం" అని పైకే పలికి, తుండు మెల్లగా పిండారు. గుమ్మంలో సీతారామలక్ష్మమ్మ కళ్ళు మూసుకుంది.

ఆయన లోపలికి వచ్చి పీట మీద కూర్చునేసరికి డికాక్షన్ దిగి ఉంది. ప్రసన్నకుమారి అలవాటుగా పాలగిన్నె అందుకోబోయింది.

"ఇలా తే అమ్మాయ్" అంది సీతారామలక్ష్మమ్మ.

ఆవిడ పాలగిన్నె ఎత్తి పోసింది. పాలు గ్లాసులో కొన్ని, పళ్ళెంలో కొన్ని పడ్డాయి. పాలు విరగలేదు. ఆవిడ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కొడుకు చేతికి అందించింది. హడావుడిలో పంచదార వెయ్యడం మర్చిపోయింది. ఫణి చెప్పబోతే ప్రసన్నకుమారి దాని చెయ్యి నొక్కింది.

మాస్టారు ఆ చేదు కాఫీని గ్లాసు అడుగుదాకా తాగి, ఖాళీ గ్లాసు తల్లి ముందుకి చాపారు.

"ఇంకాసిని పాలు పొయ్యమ్మా."